కారా-సూ, డయామిర్, నోషాక్, అరారత్: తుపాకులున్న చోట కొండలెక్కాలంటే

2013 జూన్ 22 రాత్రి గిల్గిట్ స్కౌట్స్ యూనిఫాం తొడుక్కుని వచ్చినవాళ్ళు పాకిస్తాన్‌లోని నంగా పర్బత్ కొండకు డయామిర్ వైపున్న బేస్ క్యాంపులో 11 మందిని కాల్చి చంపారు. పదిమంది విదేశీయులు, పదకొండో మనిషి పాకిస్తానీ సహాయకుడు. శీర్షికల్లో ఎక్కువగా కనిపించింది ‘విదేశీ పర్వతారోహకులు’ అన్న మాటే. ఇలాంటి చోట్లకు వెళ్ళాలా వద్దా అని ఆలోచించేవాళ్ళు ఆ పదకొండో మనిషి దగ్గర మొదలుపెడితే యాత్ర ఏర్పాటు చేసే ఏజెన్సీని అడగాల్సిన ప్రశ్నలు వాటంతట అవే గుర్తొస్తాయి.

ముందు కారా-సూ. కిర్గిజ్‌స్తాన్‌లోని బాత్కెన్ ప్రాంతంలో, నిట్టనిలువు గ్రానైట్ గోడల లోయ. 2000 ఆగస్టులో టామీ కాల్డ్‌వెల్, బెత్ రాడెన్‌లతో పాటు మరో ఇద్దరు అమెరికన్ పర్వతారోహకులు అక్కడ గోడకు వేలాడదీసిన పోర్ట్‌లెడ్జ్ పడకల మీద పడుకుని ఉండగా కింద నుంచి తుపాకులు పేలాయి. ఉజ్బెకిస్తాన్ ఇస్లామిక్ ఉద్యమ సాయుధులు వాళ్ళను దింపించి ఆరు రోజులు బందీలుగా తిప్పారు. చివరికి కాపలావాణ్ణి కొండ అంచు నుంచి తోసేసి నలుగురూ సైనిక శిబిరానికి చేరారు. ‘చంపి తప్పించుకున్నారు’ అన్న కథ దేశదేశాలు తిరిగింది. ఆ కాపలావాడు బతికే ఉన్నాడని తర్వాత తేలింది. దాంతో అసలు తోశారా లేదా అన్న గొడవ మొదలై పత్రికల్లో చాలాకాలం నడిచింది. వాళ్ళతో పాటు పట్టుబడిన ఒక కిర్గిజ్ సైనికుణ్ణి మొదట్లోనే కాల్చేశారు. ఆ సంగతి కథలో ఒక వాక్యమై మిగిలింది.

ఇది ఊహించలేని ప్రమాదమేమీ కాదు. అంతకు ముందు ఏడాది, 1999లో, అదే ముఠా అదే ప్రాంతంలో జపాన్ భూగర్భ శాస్త్రవేత్తలను ఎత్తుకెళ్ళింది. కొండ గురించి వంద పేజీలు చదివేవాళ్ళు గడిచిన రెండేళ్ళ స్థానిక వార్తలు మాత్రం చదవరు. ఎక్కేవాళ్ళందరిలోనూ ఉన్న జబ్బు ఇది.

ఇప్పుడు ఆ లోయకు వెళ్ళాలంటే సరిహద్దు మండల పర్మిట్ తప్పనిసరి. 2021 ఏప్రిల్‌లోనూ 2022 సెప్టెంబరులోనూ కిర్గిజ్, తజిక్ సైన్యాలు ఈ సరిహద్దులో పెద్ద ఎత్తున కాల్పులు జరుపుకున్నాయి. 2025లో ఒప్పందం కుదిరినా, మ్యాపులో కనిపించే దగ్గరి దారి తెరిచి ఉంటుందని లెక్క వేసుకోకూడదు. లోయలో బస అంటే సొంత గుడారమే. సామాను గాడిదలూ గుర్రాలూ మోస్తాయి. గోడలు అద్భుతం. సేవల సంగతికి వస్తే, తాడు జారి కాలు విరిగినా మనల్ని మనమే దింపుకోగలిగిన జట్టు అయితేనే వెళ్ళాలి.

డయామిర్ పరిస్థితి వేరు. దాడి తర్వాత ఇటు వచ్చే జట్లకు సాయుధ పోలీసు కాపలా పెట్టారు. ఇక్కడ చాలామంది బడ్జెట్ తప్పుతుంది. వచ్చే పోలీసులు మైదానపు బూట్లతో, పలుచటి దుప్పటితో సుమారు 4,200 మీటర్ల ఎత్తుకు వచ్చేస్తే మూడో రోజుకే తలనొప్పి, వాంతులు. అప్పుడు కాపలా ఉన్నా లేనట్టే. వాళ్ళకు గుడారం, చలికి తగిన స్లీపింగ్ బ్యాగు, తిండి ఎవరివన్నది ఏజెన్సీ కాగితంలో రాసి ఉండాలి. ‘అన్నీ మేం చూసుకుంటాం సార్’ అంటే చూసుకోరనే అర్థం. పోర్టర్‌కు 25 కిలోలు పరిమితి; తూకం బయల్దేరేచోట మన కళ్ళముందు వేయించాలి. వంటమనిషికి, పోర్టర్లకు బీమా ఎంత, చనిపోతే డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది, ఎన్ని రోజుల్లో వెళ్తుంది అన్నది పాలసీ కాపీ చూసి తెలుసుకోవాలి. హెలికాప్టర్ సైన్యానిది. డబ్బు హామీ ముందే లేకపోతే అది ఎగరదు.

మన బీమా ఇంకో తిరకాసు. ‘ప్రయాణించవద్దు’ అని మన విదేశాంగ శాఖ చెప్పిన చోటికి వెళ్తే చాలా పాలసీలు మొత్తంగా చెల్లవు. యుద్ధం, ఉగ్రదాడి మినహాయింపులు ఒక క్లాజులో, ఎత్తు పరిమితి మరో క్లాజులో ఉంటాయి. రెండూ చదవాలి.

నోషాక్ 7,492 మీటర్లు, ఆఫ్ఘనిస్తాన్‌లో అన్నిటికన్నా ఎత్తైనది. 1960లో జపానీయులు తొలిసారి ఎక్కారు. కాజీ దే ఊరి నుంచి వెళ్ళే లోయలో తాలిబాన్‌ను ఆపడానికి అప్పటి ప్రత్యర్థి సేనలు మందుపాతరలు పాతాయి. ఆ దేశంలో హద్దు రాళ్ళకు ఒక పక్క ఎరుపు, ఒక పక్క తెలుపు పూస్తారు. తెలుపు కనిపించే వైపు నడవాలి, ఎరుపు వైపు అడుగు పెట్టకూడదు. ఏడాది కింది గుర్తులను మాత్రం నమ్మకూడదు. మంచు కరిగిన వరద మందుపాతరను కిందికి దొర్లించుకొస్తుంది, రంగురాయినీ దొర్లించుకుపోతుంది. ఆ సంవత్సరం ఆ దారిన నడిచిన ఊరి మనిషి ముందుంటేనే కదలాలి, మూత్రానికి కూడా దారి దిగకూడదు.

నైతికంగా నాలుగింట్లోనూ ఇదే బరువైనది. 2018లో హనీఫా యూసుఫీ నోషాక్ శిఖరం చేరిన తొలి ఆఫ్ఘన్ మహిళ అయింది. 2021లో తాలిబాన్ మళ్ళీ అధికారంలోకి వచ్చాక అక్కడి ఆడవాళ్ళకు పార్కులూ జిమ్‌లే మూసేశారు. విదేశీయులు మాత్రం చెక్‌పోస్టులో తుపాకీవాళ్ళతో టీ తాగుతూ ‘వార్తల్లో చూపించేదంతా అబద్ధం, ఎంత మంచివాళ్ళో’ అని వీడియో పెడతారు. ఒకడు నరకమంటాడు, ఇంకొకడు స్వర్గమంటాడు, ఇద్దరూ అమ్మేది ఒకే సరుకు. అతిథికి దొరికిన మర్యాద ఆ ఇంటి ఆడపిల్లకు దొరుకుతున్నట్టు సాక్ష్యం కాదు. మా మాట అడిగితే, నోషాక్ ఇప్పటికి వద్దు.

టర్కీలోని అరారత్ (5,137 మీటర్లు) వీటిలో తేలిక. 2008 జులైలో ముగ్గురు జర్మన్లను కుర్దుల సాయుధ సంస్థ పీకేకే ఈ కొండ మీది శిబిరం నుంచే ఎత్తుకెళ్ళి పన్నెండు రోజులకు వదిలింది. 2015లో ఆ సంస్థకూ టర్కీ సైన్యానికీ ఘర్షణ మళ్ళీ రాజుకున్నాక కొన్నేళ్ళు కొండను మూసేశారు. ఇప్పుడు పర్మిట్‌కు పాస్‌పోర్ట్ కాపీ వారాల ముందే పంపాలి, స్థానిక గైడ్ ఉండాలి. దోగుబయజిత్ ఊళ్ళో సాదా హోటళ్ళున్నాయి. 3,200, 4,200 మీటర్ల దగ్గర గుడారాలు, అక్కడిదాకా సామాను గుర్రాల మీద, పైన మంచు టోపీ మీద బూట్లకు తగిలించే ఇనుప ముళ్ళు, అంటే క్రాంపాన్లు. గైడ్లూ గుర్రాలవాళ్ళూ ఎక్కువగా కుర్దులు. భోజనాల దగ్గర వాళ్ళను రాజకీయాలు అడిగి రికార్డు చేయడం మనకు కంటెంట్, వాళ్ళకు పోలీసు కేసు.

ఫొటోల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. చెక్‌పోస్టు, వంతెన, యూనిఫాం తీయొద్దు. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. ఫోన్‌లో లొకేషన్ ఆపి, దేశం దాటాకే పోస్టు చేయండి. పోర్టర్ ముఖం పెట్టాలంటే అతన్ని అడగండి, అదీ కూలి చెల్లించేశాక. డబ్బు చేతికి అందకముందు అడిగితే కాదనడానికి అతనికి వీలుండదు.