ఇందిరానగర్ మాండరిన్ తరగతి: ఎదుటివారి ఇంటివారిని ప్రస్తావించే పాఠం

బెంగళూరు ఇందిరానగర్‌లో శనివారాల్లో నడిచే ఒక మాండరిన్ తరగతిలో చేరదలచిన తెలుగువారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు నుంచి మనవాళ్లు ఇక్కడికి చాలామందే వస్తారు. వారిలో ఎక్కువమంది చైనా, తైవాన్ సరఫరాదారులతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే ఉద్యోగులు. అటువంటివారికి ఈ కోర్సు మొత్తంలో అత్యంత విలువైనది ఎదుటివారి కుటుంబసభ్యులను మర్యాదగా ప్రస్తావించడం నేర్పే పాఠమేనని నా అభిప్రాయం.

మనకు 'గారు' ఉంది కనుక 'మా నాన్నగారు' అన్నా, 'మీ నాన్నగారు' అన్నా గౌరవం ఒక్కటే. చైనీయుల సంప్రదాయ మర్యాదలో అలా కుదరదు. ఎదుటివారి తండ్రిని లింగ్‌జున్, తల్లిని లింగ్‌థాంగ్, కొడుకును లింగ్‌లాంగ్, కూతురిని లింగ్‌ఆయ్ అంటారు. తన తండ్రిని మాత్రం జ్యాఫు, తల్లిని జ్యాము, తమ్ముణ్ణి షది, చెల్లెలిని షమెయ్ అని వినయంగా చెప్పుకుంటారు. అందువల్ల 'నా లింగ్‌జున్' అన్నా, 'మీ జ్యాఫు' అన్నా తప్పే. తనవారిలో పెద్దలకు 'జ్యా', చిన్నవారికి 'ష', పరాయివారికి 'లింగ్' అని చైనీయులు కంఠస్థం చేసే సూత్రాన్ని టీచరుగారు ముందు బోర్డు మీద రాశారు. ఆ తర్వాత మా చేత ఒకరి తల్లిదండ్రుల క్షేమం మరొకరిని అడిగించారు. అనంతపురం నుంచి వచ్చిన ఒకావిడ తన తండ్రిని 'శ్యెన్‌ఫు' అనగానే ఆమెను ఆపి, అది గతించిన తండ్రికి మాత్రమే వాడే మాటని చెప్పి, 'జ్యాఫు' అని సరిగ్గా పలికేదాకా వదలలేదు. అంత పట్టుదలగా నేర్పేవారు దొరకడం అదృష్టం.

ఈ మాటలను ఎక్కడ వాడకూడదో కూడా టీచరుగారు అంతే శ్రద్ధగా చెప్పారు. నేటి రోజువారీ సంభాషణలో మీ నాన్నగారు అనడానికి 'నిన్ ఫూచిన్' సరిపోతుంది. లింగ్‌జున్ వంటివి ఉత్తరాలకు, లాంఛనమైన సందర్భాలకు చెందినవి. తన కొడుకును తగ్గించి చెప్పుకునే పాత మాట 'ఛ్వెన్‌జి'లో మొదటి అక్షరానికి కుక్క అని అర్థం. దాన్ని ఎదుటివారి అబ్బాయికి అంటగడితే ఘోరమైన అవమానం.

లోపం ఒక్కటే, కానీ చిన్నది కాదు. చేతికిచ్చే నోట్సులో స్వరచిహ్నాలు, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తాలో దించాలో చూపే గుర్తులు, లేవు. తమ్ముణ్ణి చెప్పే మాటలోని 'ష' నాలుగో స్వరంలో పలకాలి. అదే అక్షరాన్ని మూడో స్వరంలో పలికితే వదులుకోవడం అనే అర్థం వస్తుంది. ఇంట్లో చదువుకునేవారికి ఇది పెద్ద ఇబ్బంది కనుక, తరగతిలోనే ప్రతి మాటకూ స్వరం అడిగి రాసుకోవాలి.

చైనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష అయిన హెచ్‌ఎస్‌కేలో తొలి స్థాయిలు మాత్రమే లక్ష్యమైనవారికి ఈ పాఠం అవసరం లేదు. చైనీయులతో వ్యాపార సంబంధాలు ఉన్నవారు తప్పకుండా చేరవచ్చు. వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్ మెట్రోలో నేరుగా ఇందిరానగర్‌లో దిగవచ్చు.