శంషాబాద్ నుంచి రేణిగుంటకు విమానం: హనుమకొండవాసి లెక్క

మా అమ్మాయి తిరుపతిలో చదువుతోంది. ఆ పుణ్యాన కొన్నేళ్లుగా శంషాబాద్‌లో విమానం ఎక్కి రేణిగుంటలో దిగుతున్నాను. టికెట్టు మీద ప్రయాణ సమయం గంటా పది నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో అబద్ధం లేదు, కానీ హనుమకొండ వాళ్లకు ఆ అంకెతో ఒరిగేది తక్కువ.

రెండు విమానాశ్రయాల మధ్య దూరం నేరుగా కొలిస్తే దాదాపు 420 కిలోమీటర్లు. ఈ దారిలో నాకు ఎక్కువగా దొరికింది ఏటీఆర్ 72, ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం. గంటకు 500 కిలోమీటర్ల దాకా వెళ్తుంది కాబట్టి 50 నిమిషాల్లో చేరాలి కదా అనిపిస్తుంది. అయితే టికెట్టు మీద వేసే సమయం గాల్లో గడిపేది మాత్రమే కాదు. ఇక్కడ నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ మళ్లీ ఆగేదాకా లెక్కే. పైగా శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, మనం పోవలసింది దక్షిణానికి. ఎదురుగాలిలోకే లేవాలి గనుక వానాకాలంలో పడమరకు లేచి, ఆ తర్వాత ఇటు తిరుగుతుంది. జెట్ వేసిన రోజున కలిసొచ్చేది కొన్ని నిమిషాలే. ఇంత చిన్న దూరంలో అది పూర్తి ఎత్తుకు చేరి కుదురుకునేలోపే దిగడం మొదలుపెట్టాలి.

ఏటీఆర్ నాకు నచ్చింది. తోక దగ్గరి మెట్ల మీదుగా ఎక్కుతాం. అటు రెండు, ఇటు రెండు సీట్లే కాబట్టి నడుమ ఇరుక్కునే బాధ లేదు. రెక్క కిటికీల పైన ఉంటుంది, కిందికి చూపు ఆనుతుంది. ఆకాశం తేటగా ఉంటే శ్రీశైలం జలాశయం, ఆ వెంటనే నల్లమల. ప్రొపెల్లర్ల మోత పడనివాళ్లు వెనుక వరుసలు అడగండి. తలపై అరలు మాత్రం మరీ చిన్నవి, కాస్త ఉబ్బిన సంచీ కూడా పట్టదు.

ఇక అసలు లెక్క. ఇంటి నుంచి జనగామ, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ వచ్చి ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే శంషాబాద్‌కు 160 కిలోమీటర్ల పైనే, అంటే మూడు గంటలు. విమానానికి గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి రెండు గంటల ముందు చేరుకోవాలి. అవతల రేణిగుంట నుంచి తిరుపతి ఊళ్లోకి మరో అరగంట. మొత్తం దాదాపు ఏడు గంటలు. వరంగల్‌లో రాత్రి పద్మావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నిద్రలేచేసరికి తిరుపతి.

మ్యాప్ చూస్తే ఒళ్లు మండుతుంది. వరంగల్ పక్కనే మన పాత విమానాశ్రయం ఉన్న మామునూరు, రేణిగుంట దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి, నేరుగా దక్షిణానికి 475 కిలోమీటర్లు. నిజాం కాలం నాటి మన విమానాశ్రయంలో 1981 నుంచి ప్రయాణికుల విమానాలు లేవు. 150 కిలోమీటర్ల లోపు మరొకటి రాకూడదన్న శంషాబాద్ ఒప్పందపు షరతు చాలాకాలం అడ్డుపడింది. 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. అక్కడ విమానం దిగేదాకా ఈ పడమటి చుట్టు తప్పదు.

మధ్యాహ్నపు విమానం తక్కువ ధరకు దొరికితే ఇప్పటికీ ఎక్కుతాను. తెల్లవారుజాము విమానం ఉచితంగా ఇచ్చినా వద్దు. దానికోసం అర్ధరాత్రి కారెక్కడం కన్నా రైల్లో దుప్పటి కప్పుకుని పడుకోవడం నయం.