లాపువా .308 కేసులు: ఏళ్ల తరబడి వాడాక ప్రైమర్ గుంట చెప్పే సంగతి

లాపువా కంపెనీ ఇత్తడి కేసులు, అంటే పౌడర్ నింపుకునే ఖాళీ తూటా గొట్టాలు, ఖరీదైనవి. ఆ మాట ముందే అనేసుకుంటే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు. ఫిన్లాండ్ నుంచి వచ్చే ఈ .308 విన్‌చెస్టర్ కేసులు వంద కొంటే వంద డాలర్ల పైమాటే. మామూలు రకాలు అందులో ఇంచుమించు సగం ధరకే దొరుకుతాయి. టెక్సస్‌లో ఉంటూ, సెలవు రోజున కాగితపు లక్ష్యాల మీద గురి చూసుకోవడానికి తప్ప మరి దేనికీ రైఫిల్ పట్టని నీకు ఇంత ఖర్చెందుకని మిత్రులు అడుగుతుంటారు. ఏళ్ల వాడకం తర్వాత నేను చెప్పే జవాబు ఒకటే: ప్రైమర్ గుంట, అంటే పౌడర్ను అంటించే చిన్న కప్పు (ప్రైమర్) కేసు అడుగున కూర్చునే చోటు.

తూటాలు సొంతంగా నింపుకునేవాళ్లలో చాలామంది కేసు వయసును బుల్లెట్ బిగించే మెడ చూసి లెక్కగడతారు. మెడ పగిలిందా, పొడవు 2.015 అంగుళాలు దాటిందా అన్నవే వాళ్ల ప్రశ్నలు. ఆ రెండింటికీ మందుంది. పొడవు పెరిగితే 2.005కు కత్తిరించుకోవచ్చు. మెడ గట్టిపడితే పగలకముందే వేడిచేసి మెత్తబరచవచ్చు. అడుగున ఉన్న గుంట వదులైతే మాత్రం మందు లేదు. అక్కడి లోహాన్ని వేడిచేయడం ప్రమాదం కూడా. కేసు అడుగు గట్టిగా ఉండబట్టే చదరపు అంగుళానికి 62,000 పౌండ్ల వరకూ వెళ్లే ఒత్తిడిని తట్టుకుంటోంది.

ఇంతకీ గుంట ఎందుకు వదులవుతుంది? 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిసిన ఈ ఇత్తడి సాగి మళ్లీ వెనక్కి వస్తుంది, కానీ ఒత్తిడి హద్దు మీరితే పూర్తిగా రాదు. ప్రైమర్ కప్పు గుంటకన్నా వెంట్రుకవాసి పెద్దది. పెద్ద రైఫిల్ ప్రైమర్ వ్యాసం 0.210 అంగుళాల పైచిలుకు, గుంట అంతకన్నా ఒకటి రెండు వెయ్యో వంతులు తక్కువ. ఆ కాస్త తేడాయే పట్టు. ఘాటుగా నింపి పేల్చిన ప్రతిసారీ అడుగు కొద్దికొద్దిగా విచ్చుకుని ఆ పట్టును తినేస్తుంది.

దీన్ని కనిపెట్టడానికి గేజీలున్నాయి. నా దగ్గరా ఒకటుంది. అయినా నేను నమ్మేది చేతితో నొక్కే ప్రైమింగ్ పనిముట్టునే. కొత్త లాపువా కేసులో ప్రైమర్ సీసాలోకి బిరడా దిగినట్టు ఒకే తీరు బిగువుతో దిగుతుంది, చివర్లో ప్రైమర్ లోపలి చిన్న లోహపు ముక్క (ఆన్విల్) కాళ్లు గుంట అడుగును తాకి టక్కున ఆగిన సంగతి బొటనవేలికి తెలుస్తుంది. అలసిన కేసులో ఆ బిగువు ఉండదు. మీట నొక్కితే ఖాళీలోకి జారిపోయినట్టుంటుంది. అలాంటి కేసును నేను మరోసారి నింపను. పేల్చిన కేసు అడుగున ప్రైమర్ చుట్టూ సన్నటి మసి వలయం కనిపిస్తే వాయువు పక్కనుంచి కారుతోందని అర్థం. దాన్ని పట్టించుకోకుండా కొనసాగిస్తే కేసు వెనక మూసే రైఫిల్ బోల్టు ముఖం మీద చిన్నచిన్న గుంటలు పడతాయి. కేసు పోతే ఒక డాలరు. బోల్టు సంగతి వేరే చెప్పాలా?

ఈ పరీక్షలో లాపువా ఎంత నిలిచిందంటే, పదిసార్లకు పైగా నింపిన కేసుల్లో కూడా ఆ బిగువు చాలావరకు మిగిలే ఉంది. వార్గెట్ పౌడర్‌ను పుస్తకం చెప్పిన గరిష్ఠ మోతాదుకు బాగా దిగువనే ఉంచుతాను, అది కూడా కారణమే. ఇదే మోతాదుతో వాడిన మరో కంపెనీ చౌక కేసులు నాలుగైదు నింపుళ్లకే చేతిలో మెత్తబడ్డాయి. సైన్యం వాడి వదిలేసిన కేసులదీ వేరే తలనొప్పి: ప్రైమర్ ఊడకుండా చుట్టూ నొక్కిన అంచును ముందు తీయాలి. కోసే పరికరంతో కాస్త ఎక్కువ గీకితే గుంట మూతి మొదటిరోజే వదులు.

2020 తర్వాత ప్రైమర్లు దొరకని కాలంలో చేతికందిన రకమల్లా కొన్నాను. అప్పుడు స్పష్టమైనదేమిటంటే, బిగువు కేసుది మాత్రమే కాదు. ఒక రకం ప్రైమర్ వదులుగా దిగిన కేసులోనే మరో రకం గట్టిగా కూర్చునేది. కాబట్టి కేసును తిట్టేముందు ప్రైమర్ మార్చి చూడండి. ఏ రకమైనా అది కేసు అడుగుకన్నా మూడు నుంచి ఐదు వెయ్యో వంతుల అంగుళం లోపలికి ఉండాలి. వేలితో తడిమితే పైకి తగలకూడదు. సెమీ ఆటోమేటిక్ వాడేవాళ్లకు ఇది ప్రాణాల మీది విషయం. పైకి తేలిన ప్రైమర్ బోల్టు మూసుకుంటుండగానే పేలవచ్చు.

లాపువాలోనే పాల్మా అనే రకముంది. .308 కేసే, కానీ చిన్న రైఫిల్ ప్రైమర్ గుంటతో వస్తుంది. గుంట చిన్నదైతే దాని చుట్టూ లోహం ఎక్కువ మిగులుతుంది, విచ్చుకోవడం తగ్గుతుంది. నా అనుభవంలో ఇది మాటలకే పరిమితం కాలేదు. రెండు రకాలనూ పక్కపక్కనే వాడితే పాల్మా గుంటలు ఇంకా కొత్తవాటిలాగే బిగువుగా పట్టుకుంటున్నాయి. ఒక చిక్కుంది. నిప్పు వెళ్లే రంధ్రం కూడా 1.5 మిల్లీమీటర్లే. కేసును తిరిగి కొలతకు తెచ్చే మామూలు అచ్చు (డై)లోని ప్రైమర్ ఊడగొట్టే సూది అందులో ఇరుక్కుంటుంది, సన్న సూది కొనుక్కోవాలి. గడ్డకట్టే చలిలో మొండి పౌడర్లను చిన్న ప్రైమర్ సరిగా అంటించకపోవచ్చన్న మాటా ఉంది. టెక్సస్ ఎండలో నాకు ఆ బెంగ లేదు, మిన్నెసోటాలో ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి.

మంచి కేసునైనా డై చంపగలదు. మెడ కింది ఏటవాలు భాగాన్ని, అంటే భుజాన్ని, ప్రతిసారీ అవసరానికి మించి వెనక్కి నెడితే అడుగుకు కాస్త పైన లోహం పలచబడి, మెరిసే గీతలా కనిపిస్తుంది. పేపరు క్లిప్పు కొన వంచి లోపల గీకితే అక్కడ గాడి తగులుతుంది. భుజం ఒకటి రెండు వెయ్యో వంతులు కదిలితే బోల్టు రైఫిల్‌కు చాలు.

భారతదేశంలో చదువుతున్నవారికి ఒక మాట: 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఇది అక్కడ ఇంట్లో చేసే పని కాదు.

ఏడాదికి రెండు పెట్టెల తూటాలు పేల్చేవాళ్లు లాపువా కొనక్కర్లేదు. నెలనెలా రేంజికి వెళ్లి, పేల్చిన ప్రతి కేసునూ ఏరుకొచ్చేవాళ్లయితే పాల్మా తీసుకోండి, సన్న సూదితో సహా. ఇక పక్కన పెట్టిన కేసుల మూతిని ప్లయర్‌తో నొక్కి వంచాకే పాత ఇత్తడి డబ్బాలో వేయండి. లేకపోతే రేంజిలో ఎవరో ఒకరు వాటిని ఏరుకుని మళ్లీ నింపుతారు.