మా ఇంటి రాజీ కాగితానికి మూడేళ్లు

కుట్టుమిషను కొన్న ఏడాదికి ఎలా నడుస్తోందని నలుగురూ అడుగుతారు. కోర్టులో చేసుకున్న రాజీ ఎలా నడుస్తోందని మాత్రం ఎవరూ అడగరు. సంతకాలు పెట్టిన రోజుతోనే ఆ కథ అయిపోయిందనుకుంటారు. పెండింగ్ కేసుల్ని మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి ముందు కూర్చుని మాట్లాడుకుని రాజీ పడే పద్ధతికి, పంపడానికి 2025 జులై 1 నుంచి 90 రోజులు దేశమంతా కార్యక్రమం పెట్టారు కదా, అప్పుడు మా షాపుకొచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు "మీరు చేసుకున్నారుగా అక్కా, వెళ్లొచ్చా?" అని అడిగారు. జాకెట్టు కొలతలు తీస్తూ చెప్పే జవాబు కాదది. మొత్తం మూడుసార్లు ఆ గుమ్మం ఎక్కాను. రెండుసార్లు పని జరిగింది, ఒకసారి జరగలేదు.

మా ఇల్లు విశాఖపట్నం కంచరపాలెంలో. నాన్న పోర్టులో పనిచేసి కూడబెట్టి కొన్న 150 గజాలు. 2016లో వీలునామా రాయకుండానే పోయారు. స్వార్జితం కాబట్టి అమ్మకి, అన్నయ్యకి, నాకు తలా ఒక వంతు. చట్టం ఇంత తేలిగ్గా చెప్పేస్తుంది. వీధి వైపు షట్టరు గది అద్దెకిచ్చి, ఆ అద్దె అన్నయ్య తీసుకునేవాడు. నేనేమో జ్ఞానాపురంలో నెలనెలా అద్దె కట్టి టైలరింగ్ షాపు నడిపేదాన్ని. ముందు పెద్దమనుషుల్లో పెట్టాం. "పెళ్లికి పెట్టాల్సింది పెట్టారు కదమ్మా, ఇంకా ఏటి?" అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో మా మేనమామ కూడా ఉన్నాడు. 2019లో దావా వేశాను. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతుందని, 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఆ సంగతి ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే ఒక ప్లీడరుకి ఫీజు ఇచ్చేశాను.

తర్వాత కరోనా. ఆ తర్వాత వాయిదాలు. ప్లీడరుగారు ఒకరోజు దావా ఎటు నడుస్తుందో విడమరిచి చెప్పారు: ముందు ఎవరి వంతు ఎంతో తేలుస్తూ ప్రాథమిక డిక్రీ, అంటే కోర్టు ఉత్తర్వు, తర్వాత కోర్టు పంపిన కమిషనరొచ్చి కొలతలు తీయడం, ఆపైన తుది డిక్రీ, మధ్యలో అప్పీళ్లు. 150 గజాల ఇల్లు మూడు ముక్కలు కాదని తేలితే వేలం. ఆయన వేలం అన్నప్పుడు నా కళ్ల ముందుకొచ్చింది మా పెరట్లో బట్టలుతికే రాయి. దాన్నీ పాడతారు కాబోలు అనుకున్నాను.

2022లో జడ్జిగారు ఇద్దర్నీ నిలబెట్టి "మాట్లాడుకునే వీలుందా?" అని అడిగి మీడియేషన్‌కి పంపారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 89వ సెక్షన్ అని ఒకటి ఉంది, 2002 జులై నుంచి అమల్లో ఉన్నది, దాని కింద అన్నమాట. నాకు నమ్మకం లేదు. మళ్లీ పెద్దమనుషుల తగువే, ఈసారి కోర్టు ఖర్చుతో అనుకున్నాను.

కాదని మొదటి అరగంటలోనే తెలిసింది. మధ్యవర్తిగా వచ్చినావిడ కూడా లాయరే. 40 గంటల ట్రైనింగ్ అయితే గానీ వాళ్లని కోర్టు మధ్యవర్తుల జాబితాలో వేయరట. కూర్చోగానే ఆవిడ చెప్పినవి రెండు మాటలు. ఒకటి, తీర్పు చెప్పడం తన పని కాదని. రెండు, ఈ గదిలో అన్న మాట కోర్టు దాకా పోదని, రేపు తనని సాక్షిగా పిలిచినా రావడం కుదరదని. పెద్దమనుషుల దగ్గర ఈ రెండూ తలకిందులు. అక్కడ తీర్పు ముందే తయారుగా ఉంటుంది, మనం అన్న మాట సాయంత్రానికి వీధంతా తిరుగుతుంది.

తర్వాత ఆవిడ ఒక తెల్లకాగితం అన్నయ్య ముందుకి జరిపి "ఇల్లు గియ్యండి" అన్నారు. అప్పటికి మూడేళ్లుగా మా ఇల్లు కోర్టు కాగితాల్లో తూర్పు ఫలానావారి స్థలం, పడమర మునిసిపల్ రోడ్డు అంటూ నాలుగు హద్దులే. అన్నయ్య గీశాడు. షట్టరు గది అగ్గిపెట్టంత గీశాడు. నేను కాగితం లాక్కుని దాన్ని పెద్దది చేశాను. అన్నయ్య మెట్లు గీశాడు, నేను డాబా మీద బట్టలారేసే దండెం గీశాను. చిన్నపిల్లల్లా పెన్ను ఒకరి చేతిలోంచి ఒకరం తీసుకుంటున్నాం. ఆవిడ అంతా చూసి "అమ్మగారి మంచం ఎక్కడ?" అన్నారు.

ఇద్దరం గియ్యలేదు. అమ్మ పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. దావాలో ఆవిడ రెండో ప్రతివాది. అమ్మ పెన్ను తీసుకోలేదు, వేలు పెట్టి చూపించింది, వంటింటి కిటికీ దగ్గర.

రెండో సిట్టింగ్‌లో విడివిడిగా మాట్లాడారు. నాతో అరగంట, అన్నయ్యతో గంట పైనే. విడిగా చెప్పింది మన అనుమతి లేకుండా అవతలివాళ్లకి చెప్పరు. అన్నయ్య అనుమతి ఇచ్చాక ఆవిడ నా దగ్గరకొచ్చి చెప్పిన సంగతి ఇదీ: నాన్న ఆఖరి నాలుగు నెలల వైద్యానికి అన్నయ్య 4 లక్షల 20 వేలు ఖర్చు పెట్టాడు, అందులో సగం వడ్డీకి తెచ్చాడు, ఆ బిల్లులన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ప్రతి వాయిదాకీ సంచిలో తెస్తున్నాడు. ఒక్కసారైనా ఎవరూ అడగలేదని అతని బాధ. నిజమే, నేనూ అడగలేదు. మా దావా కాగితాల్లో ఆ ఖర్చు ఊసే లేదు, ఎందుకంటే వంతులు తేల్చడానికి అది అక్కర్లేదు. తగువంతా అక్కడే ఉందని నాకు అప్పటిదాకా తెలీదు.

నాలుగు సిట్టింగుల్లో తేలింది. షట్టరు గది పూర్తిగా నాది. మిగతా నా వంతుకి, వైద్యం ఖర్చులో నా వాటా మినహాయించి, అన్నయ్య 6 లక్షలు మూడు కిస్తీల్లో ఇవ్వాలి. కిస్తీ దాటితే 12 శాతం వడ్డీ. అమ్మ వంతు అమ్మదే, ఆ ఇంట్లోనే ఉంటుంది. ఆవిడ తర్వాత ఆ వంతు ఎవరికన్నది కూడా ఇప్పుడే రాసేద్దామని అన్నయ్య అన్నాడు. బతికున్న మనిషి ఆస్తికి వారసత్వం ముందే పంచుకోవడం చెల్లదని మధ్యవర్తి మేడం అక్కడే ఆపేశారు. జడ్జిగారు ముగ్గుర్నీ పిలిచి ఇష్టపూర్వకంగానేనా అని అడిగి, ఒప్పందం ప్రకారం డిక్రీ ఇచ్చారు. ఇలాంటి డిక్రీ మీద అప్పీలు ఉండదు. అందుకని సంతకానికి ముందు ఒక రాత్రి కాగితం ఇంటికి తెచ్చుకుని చదవాలి. నేను చదవలేదు.

వాడకంలో ఎలా ఉందంటే, డబ్బు విషయంలో గట్టిగా నిలబడింది. రెండో కిస్తీ రెండు నెలలు లేటయింది. వడ్డీ మాట కాగితంలో ఉంది కాబట్టి అన్నయ్య లెక్క వేసి వడ్డీతో సహా ఇచ్చాడు. నేను అడగాల్సిన పనిగానీ అతను బతిమాలాల్సిన పనిగానీ పడలేదు. ఇవ్వకపోతే మళ్లీ దావా వేయక్కర్లేదు, అమలు పిటిషన్ వేస్తే చాలు. దానికి పన్నెండేళ్ల గడువుంది.

దెబ్బతిన్నది మిగతావాటిలో. కాగితంలో "షట్టరు గది" అని రాసుకున్నాం. ఆ గదికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందో రాయలేదు. షాపు మొదలుపెట్టిన మూడో నెల ఇంటి మీటరు మీద బిల్లు చూసి వదిన గుమ్మంలోకొచ్చింది. దానికన్నా పెద్దది బాత్రూం. నా దగ్గర ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తారు, పొద్దున్న తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. వాళ్లు ఎక్కడికెళ్లాలి? పెరటి బాత్రూంకి వెళ్లాలంటే ఇంట్లోంచి పోవాలి. మొదట్లో సరే అన్న వదిన తర్వాత తలుపు గడియ పెట్టడం మొదలెట్టింది. నిజం చెప్పాలంటే ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో. ఏడు నెలలు దీని మీద మాటల్లేవు. లక్షల పంపకం నాలుగు సిట్టింగుల్లో తేల్చుకున్నవాళ్లం బాత్రూం గడియ దగ్గర ఆగిపోయాం. జాకెట్టుకైతే లోపల కుట్టుకి కాస్త గుడ్డ వదులుతాం, తర్వాత వదులు చేసుకోవచ్చని. రాజీ కాగితంలో అలా వదిలిన చోటే మాకు చిరిగింది.

రెండోసారి దావా లేకుండానే వెళ్లాను. కేసు వేయకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. ఎక్కడికెళ్లాలో తెలియనివాళ్లు 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. జగదాంబ దగ్గర బస్సు దిగి ఎండలో నడిచి, తెల్లకాగితం మీద చేత్తో రాసిచ్చాను. అన్నయ్యకి నోటీసు వెళ్లింది. నోటీసు చూసి మండిపడ్డాడు, కానీ వచ్చాడు. వస్తూ తనే ఇంటి బొమ్మ గీసుకొచ్చాడు. ఈసారి షట్టరు గది సరైన సైజులో ఉంది. పక్క సందులోంచి బాత్రూంకి వేరే తలుపు, ఖర్చు నాది. షాపుకి వేరే మీటరు, దానికి కావాల్సిన సంతకం అన్నయ్య పదిహేను రోజుల్లో పెట్టాలి. రాజీలు కుదిర్చే లోక్ అదాలత్‌లో అవార్డుగా, అంటే దాని తీర్పుగా, రాయించుకున్నాం. దానికీ డిక్రీకున్న విలువే, దాని మీదా అప్పీలు లేదు. నడుస్తున్న దావా లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి ఇస్తారు. డబ్బు వసూలు దావాలు వేసినవాళ్లకి అది పెద్ద మొత్తమే.

మూడోది చెక్ బౌన్స్. యూనిఫారాలు కుట్టించుకున్న ఒక కాంట్రాక్టరు ఇచ్చిన 1 లక్షా 85 వేల చెక్కు వెనక్కొచ్చింది. అది క్రిమినల్ కేసే అయినా రాజీకి వీలున్నదే కాబట్టి 2024లో మీడియేషన్‌కి పంపారు. నేను హుషారుగా వెళ్లాను, అనుభవం ఉందిగా. మొదటి సిట్టింగ్‌కి అతను రాలేదు. రెండోదానికొచ్చి "బాకీ ఉన్నమాట నిజమేనండీ, నెలకి 5 వేలు ఇస్తా" అన్నాడు. లెక్క వేస్తే మూడేళ్లు దాటుతుంది. మూడోసారి మళ్లీ రాలేదు. ఐదు నెలలు పోయాయి. కోర్టుకి వెళ్లిన రిపోర్టులో ఉన్నది రాజీ కుదరలేదన్న ఒక్క ముక్కే. ఎవరు ఎగ్గొట్టారో అందులో ఉండదు. బాకీ నిజమేనని అతను నోటితో అన్న మాట కూడా కోర్టులో చెల్లదు, గదిలో అన్నది కాబట్టి. అన్నయ్య కేసులో మమ్మల్ని కాపాడిన రహస్యమే ఇక్కడ నా చేతులు కట్టేసింది. 2023లో వచ్చిన మీడియేషన్ చట్టంలో 120 రోజుల గడువు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో 60 రోజులు అని రాశారు. ఆ చట్టంలో సెక్షన్లన్నీ ఒకేసారి అమల్లోకి రాలేదు. గడువు సంగతి ఎలా ఉన్నా, కాలయాపనకే వచ్చే మనిషిని రెండో సిట్టింగ్‌లోనే గుర్తుపట్టి మధ్యవర్తికి విడిగా చెప్పేయండి. నేను మొహమాటపడ్డాను.

అన్ని తగువులూ ఇక్కడికి రావు. దొంగ సంతకాలు, ఫోర్జరీ లాంటి ఆరోపణలున్న దావాలు ఇందుకు తగవని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. నా సొంత అభిప్రాయం ఇంకొకటి: ఒక మనిషికి రెండో మనిషంటే భయం ఉంటే ఎదురెదురు కుర్చీలు వేసి మాట్లాడమనడం తప్పు. నా దగ్గర పనిచేసే అమ్మాయి మొగుడు చేయి చేసుకుంటాడు. తను అడిగితే ముందు పోలీసు దగ్గరికి తీసుకెళ్లాను, ఇక్కడికి కాదు.

వెళ్లేవాళ్లు ప్లీడరు రాసిన కాగితాలతోపాటు ఇంటి బొమ్మ ఒకటి గీసుకెళ్లండి, నీళ్ల పైపు ఎటు పోతుందో, మీటరు ఎక్కడుందో, చెత్త ఎవరు తీస్తారో సహా. దావాలో లేని వేరే స్థలమేదైనా రాజీలో కలుపుతుంటే దానికి రిజిస్ట్రేషన్ కావాలి, దావాలో ఉన్న ఆస్తికైతే అక్కర్లేదు. ఇది ప్లీడరుని అడిగి తేల్చుకోండి, తర్వాత పరిగెత్తకుండా.

అన్నాచెల్లెళ్లు మళ్లీ కలిసిపోయారా అని అడుగుతారు. సినిమాల్లోలాగా అయితే లేదు. మార్గశిరంలో అమ్మని బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గరికి ఇద్దరం కలిసి తీసుకెళ్లాలని అమ్మ ఆ గదిలోనే అడిగింది. అది డిక్రీలో రాయడానికి కుదరలేదు. మొదటి ఏడు వెళ్లాం, బాత్రూం గొడవ ఏడు వెళ్లలేదు, కిందటేడు వెళ్లాం. మొన్న దసరాకి వదిన మూడు జాకెట్లు నా దగ్గర కుట్టించుకుంది. సందు తలుపులోంచి కాదు, వీధిలోంచి చుట్టూ తిరిగి షాపుకి వచ్చి ఇచ్చింది. తీసుకెళ్లేటప్పుడు డబ్బులు బల్ల మీద పెట్టింది. లెక్కపెట్టి తీసుకున్నాను.