అరీనా ఎక్స్-గ్లైడ్: పాల్ బీడర్మన్ సమయాలే కొలతగా ఒక సమీక్ష

నిషేధించి పదిహేనేళ్లు దాటిన ఈత సూట్‌ను ఇప్పుడు సమీక్షించడం వింతగా అనిపించవచ్చు. అయితే అరీనా కంపెనీ తయారుచేసిన 2009 నాటి ఎక్స్-గ్లైడ్ పనితనాన్ని అంచనా వేయడానికి కావలసిన ఆధారమంతా జర్మన్ ఈతగాడు పాల్ బీడర్మన్ క్రీడాజీవితంలోనే ఉంది: ఆ సూట్‌కు ముందు, ఆ సూట్‌తో, అది పోయిన తర్వాత ఒకే మనిషి ఒకే దూరాన్ని ఎంత సమయంలో ఈదాడో మనకు తెలుసు.

ఒళ్లంతా కప్పే ఈ సూట్‌ను బట్టతో కాక పాలీయూరిథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో తయారుచేశారు. అది నీటిని పీల్చుకోదు. కండలను బిగించి పట్టి ఉంచుతుంది. శరీరాన్ని నీటిలో కాస్త పైకి తేల్చడం వల్ల నీటి నిరోధం తగ్గుతుంది. అలసటతో నడుము, కాళ్లు కిందికి జారే చివరి ల్యాపుల్లోనే ఈ మేలు ఎక్కువగా కనిపిస్తుంది. ఇక ఈ తరహా సూట్లను తొడుక్కోవడం ఒక యాతన. చాలాసేపు పెనుగులాడి ఎక్కించుకున్నాక కూడా పోటీకి ముందే చిరిగిపోయే ప్రమాదం ఉండేది.

1986లో హాలె నగరంలో పుట్టి, అక్కడే కోచ్ ఫ్రాంక్ ఎంబాహర్ దగ్గర రాటుదేలిన బీడర్మన్, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 1:46.00లో ఈది ఐదో స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడాది రోమ్ ప్రపంచ పోటీల్లో ఎక్స్-గ్లైడ్‌తో దిగి, జులై 26న 400 మీటర్లను 3:40.07లో ముగించి, ఆస్ట్రేలియా ఈతగాడు ఇయాన్ థోర్ప్ 2002లో నెలకొల్పిన రికార్డును సెకనులో నూరో వంతు తేడాతో చెరిపేశాడు. రెండు రోజుల తర్వాత 200 మీటర్లలో 1:42.00తో అమెరికా ఈతగాడు మైఖేల్ ఫెల్ప్స్‌ను 1.22 సెకన్లు వెనక్కి నెట్టాడు. ఏడాదిలో నాలుగు సెకన్ల మెరుగుదల ఆ స్థాయి ఈతగాడికి ఒక్క సాధనతో వచ్చేది కాదు. సూట్ వల్ల తేడా ఉందని బీడర్మన్ కూడా దాచకుండా ఒప్పుకున్నాడు.

2010 జనవరి 1 నుంచి అంతర్జాతీయ ఈత సమాఖ్య ఫినా పాలీయూరిథేన్‌ను నిషేధించి, పురుషుల సూట్‌ను నాభి నుంచి మోకాళ్ల వరకే పరిమితం చేసింది. బట్ట సూట్‌తో బీడర్మన్ 2011 షాంఘై ప్రపంచ పోటీల్లో 200 మీటర్లను 1:44.88లో ఈది, అమెరికన్లు ర్యాన్ లోక్టీ, ఫెల్ప్స్‌ల వెనుక కాంస్యం అందుకున్నాడు. దీన్ని బట్టి చూస్తే రోమ్ సమయంలో సూట్ వాటా రెండు మూడు సెకన్ల దాకా ఉండవచ్చని నా అంచనా. అయినా 2015 కజాన్‌లోనూ అతడు అదే పోటీలో కాంస్యం గెలిచి, 2016 రియో ఒలింపిక్స్ తర్వాతే విరమించాడంటే, సూట్ లేనిదే ఇతడు లేడన్నవారి మాట ఎంత తొందరపాటో అర్థమవుతుంది.

పనితనానికి ఐదుకు ఐదు ఇస్తాను. కొన్నవాడికి దక్కిన ప్రతిష్ఠను లెక్కలోకి తీసుకుంటే రెండుకు మించి ఇవ్వలేను. ఎందుకంటే గెలుపు ఎవరిదన్న ప్రశ్నను కూడా ఈ సరుకు తనతోపాటే అంటగట్టింది. 400 మీటర్ల రికార్డును 2025 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్‌లో మరో జర్మన్ లూకాస్ మేర్టెన్స్ 3:39.96తో చెరిపేశాడు, అదీ బట్ట సూట్‌తోనే.