ఏదీ పట్టని మనిషి కొన్న బొబ్బిలి వీణ

వస్తువు: బొబ్బిలి వీణ. పనస చెక్క, ఏకాండి, అంటే అతుకుల్లేకుండా ఒకే మొద్దులోంచి తొలిచింది. కొన్నవాడు: కరెంటు డిపార్ట్‌మెంటు అకౌంట్స్ సెక్షన్‌లో రిటైరైన మనిషి, సంగీతంలో ఓనమాలు కూడా రావు. ఊరు విజయనగరం. ధర 30 వేలు దాటింది. చెక్కడం పని ఎంత ఎక్కువ ఉంటే అంత పెరుగుతుంది. నాది సాదాది.

ఈ రివ్యూ సంగీతం వచ్చినవాళ్లకి కాదు. వాళ్లకి వీణ గురించి నేను చెప్పేదేముంది? నాలాగా రిటైరై, లేదా పిల్లలు దూరం వెళ్లిపోయి, దేనిమీదా మనసు పోక ఇంట్లో కూర్చున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

నాకు పెద్ద జబ్బులేవీ లేవు, బీపీ మాత్ర ఒక్కటే. కానీ పేపరొస్తే హెడ్డింగులు చూసి మడిచేసేవాణ్ని. సువర్ణరేఖ పళ్లు కోసి పెట్టి మా ఆవిడ "బావున్నాయా?" అంటే "ఆ" అనేవాణ్ని. తిన్నది మామిడిపండో బొప్పాయో అడిగితే చెప్పలేను. పైడితల్లమ్మ సిరిమాను రోజు ఊరు ఊరంతా రోడ్డు మీదుంటే నేను మంచం మీదే ఉన్నాను. దాన్ని బాధ అనలేను. బాధైతే కనీసం ఏడుపొస్తుంది. నాకు ఏదీ వచ్చేది కాదు. "మీకేదీ పట్టదేంటండీ" అని మా ఆవిడ విసుక్కుంటే, ఆ విసుగు కూడా పట్టేది కాదు.

అసలు సంగతికి పోయేముందు ఒక మాట. నిద్ర, ఆకలి పోయి, బతకడమెందుకు అనిపిస్తుంటే వీణ జోలికి వెళ్లకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. నేనూ ముందు డాక్టరు దగ్గరికే వెళ్లాను. అంతదాకా రాలేదని, చేతులకి ఏదైనా పని పెట్టమని ఆయనే చెప్పి పంపారు.

వాకింగ్‌లో కాళ్లు నడిచేవి, బుర్ర మాత్రం ఆఫీసులోనే ఉండేది. సుడోకు అయితే డ్యూటీలో లెక్కలేసినట్టే ఉంది. ఇక వీణే ఎందుకంటే, విజయనగరంలో ఉంటూ సంగీతానికి దూరంగా బతకడం నిజానికి కష్టం. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల దారిలోనే నా ఉద్యోగం సగం గడిచింది. హరికథల ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ నేర్పారు అని చుట్టాలొస్తే నేనే గొప్పగా చెప్పేవాణ్ని. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. దానికి తోడు, నా రిటైర్మెంట్ సన్మానంలో శాలువాతో పాటు ఒక బొమ్మ వీణ ఇచ్చారు. బొబ్బిలి దగ్గర చేసే ఈ చిన్న వీణలు మా వైపు మామూలు బహుమతే. షోకేసులో పెట్టుకోవడానికే తప్ప వాయించడానికి పనికిరాదు. నేనూ ఇంట్లో దాని పక్కనే, దాదాపు అదే హోదాలో ఉండేవాణ్ని.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరువాళ్లు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. ఈ వీణకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి వస్తువని ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నేను వెళ్లేసరికి ఒకాయన పనస మొద్దు ముందు కూర్చుని కుండ, అంటే వీణకి గుండ్రంగా ఉండే పెద్ద భాగం, లోపల ఉలితో తొలుస్తున్నారు. కాసేపు తొలిచి, వేలి గణుపుతో టక్‌మని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్లీ అరచేతిలో పట్టేంత పొట్టు తీస్తున్నారు. మళ్లీ టక్‌మని కొట్టడం, మళ్లీ వినడం. నేను వచ్చి నిలబడ్డానని తల కూడా ఎత్తలేదు. నాకు ఆయన మీద అసూయ పుట్టింది. చాలా కాలానికి నాలో ఏదో ఒకటి పుట్టిందంటే అదే. అసూయ అయితేనేం అనుకుని ఆర్డరిచ్చి వచ్చేశాను.

ఇక వస్తువు సంగతి. వాయించే తీగలు నాలుగు, తాళానికి మూడు, తీగల కింద వేలు ఆనించే కంచు మెట్లు 24. కుండ నేల మీద, రెండో చివర ఉన్న బుర్ర ఎడమ తొడ మీద ఉండాలి. బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, మోకాళ్లు మొరాయిస్తాయి. బల్ల మీద పెట్టుకుని వాయించేవాళ్లూ ఉన్నారు, మొహమాటపడకండి. మొదట్లో వేళ్లు మండిపోతాయి. తీగ ఆనిన చోట గాడి పడి, తర్వాత కాయ కాస్తుంది. పక్కన చిన్న డబ్బాలో నూనె తడిపిన దూది ఉంచుకుంటే వేలు తీగ మీద జారుతుంది.

శబ్దం గంభీరంగా ఉంటుంది. మంద్రం తీగ, అంటే కింది స్థాయిలో పలికేది, ఒక్కసారి మీటి ఊరుకుంటే అది ఆగేదాకా వినాలనిపిస్తుంది. నేను వింటాను కూడా. అడిగేవాళ్లెవరూ లేరు కదా.

నాకు ఈ వస్తువులో అన్నిటికంటే నచ్చింది, మనసు ఎక్కడో పెట్టుకుని దీన్ని వాయించలేకపోవడం. టీవీ ముందు కునుకు తీయొచ్చు, పెన్షన్ ఏరియర్లు లెక్కేసుకుంటూ వాకింగ్ చేయొచ్చు. ఇక్కడ వేలు మెట్టుకి సరిగ్గా ఆనకపోతే 'జుయ్' మంటుంది, ఎక్కువ నొక్కితే స్వరం పైకి పోతుంది. పైగా రోజూ కూర్చోగానే శ్రుతి చేసుకోవాలి. బిరడా, అంటే తీగ బిగించే మర, కాస్త తిప్పి, తీగ చివర ఉండే లంగర్లతో సన్నగా సర్ది, తంబురా యాప్ పక్కన పెట్టి సా, పా, సా. ఆ పని ఎవరూ చేసిపెట్టరు. శ్రుతి కలిసిన క్షణాన దండి, అంటే మెట్లుండే పొడుగు భాగం, చేతి కింద సన్నగా వణుకుతుంది. కలవకపోతే వణకదు. ఈ తేడా మొదటిసారి తెలిసినప్పుడు మా ఆవిణ్ని కేకేసి పిలిచి చెయ్యి పెట్టి చూడమన్నాను. ఏమైందోనని ఆమె కంగారుగా పరిగెత్తుకొచ్చింది, పాపం.

నేర్పే అమ్మాయి మా వీధి చివర ఉంటుంది. నా కూతురి వయసు. అందరూ పిల్లలే, మధ్యలో నేను. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అయ్యాయి. ఇప్పుడు మలహరి గీతాల్లో ఉన్నాను. ఓసారి "ఇవాళ మూడ్ లేదమ్మా" అన్నాను. "మూడ్ సంగతి తర్వాత చూద్దాం బాబాయ్ గారూ, ముందు శ్రుతి చెయ్యండి" అంది. ఒళ్లు మండింది. కానీ శ్రుతి చేసేసరికి ఎలాగూ వేళ్లు తీగల మీదే ఉన్నాయి, వాయించేశాను. బాగా రాలేదు. ఆ బాగా రాకపోవడం గురించే రాత్రంతా ఆలోచించాను. అంతకుముందు రాత్రంతా ఆలోచించేంత విషయం నాకేదీ ఉండేది కాదు.

మా ఆవిడ సంగతి రాయకపోతే ఈ రివ్యూ అబద్ధమవుతుంది. ఒకరోజు అవరోహణ వాయిస్తుంటే వంటింట్లోంచి, "ఆ నిషాదం కాస్త ఎత్తండి, చెవి కోసుకుపోతోంది" అని వినబడింది. నిషాదమంటే సరిగమల్లో 'ని'. పెళ్లికి ముందు ఆమె వర్ణాల దాకా పాట నేర్చుకుందట. ఆ సంగతి నాకు తెలుసు, పెళ్లిచూపుల్లో పాడింది కూడా. తర్వాత మా ఇద్దరికీ అది గుర్తు చేసుకునే పని పడలేదు. ఆ నిషాదం మీద ఇద్దరం గట్టిగా వాదించుకున్నాం. ఆమె స్వరమే కరెక్టని యాప్ తేల్చింది. ఇప్పుడు కూర తరుగుతూ తాళం వేస్తుంది, నేను పరిగెడితే చాకు బల్లకేసి కొడుతుంది. కోడలు ఫోన్ చేసి "అత్తయ్యా, మీరు పాడుతున్నారా?" అని ఆశ్చర్యపోయింది.

లోపాలు కూడా చెప్పాలి. మెట్లు కూర్చేది మసి కలిపిన మైనంలో. రోహిణి కార్తె ఎండకి మైనం మెత్తబడితే మెట్లు కదులుతాయి, అప్పుడు తెలిసినవాళ్ల చేత మళ్లీ మేళం కట్టించాలి, అంటే మెట్లు వాటి చోట్లలో కూర్పించాలి. డాబా మీది గదిలో పెట్టకండి, కారు డిక్కీలో అసలే వద్దు. వానాకాలం బిరడాలు బిగుసుకుంటాయి, ఎండాకాలం జారతాయి. జారితే సుద్దముక్క రాయాలి. నాలుగడుగుల పైన ఉండే వస్తువు, బస్సులో తీసుకెళ్లడం నరకం. నేను విడిగా ఒక షాపులో కొన్న సంచీ జిప్పు మొదటి ప్రయాణంలోనే ఊడింది, మార్చమంటే షాపువాడు నవ్వాడు. సంచీ విషయంలో పిసినారితనం చేయకండి.

ఎలక్ట్రానిక్ వీణలున్నాయి, అవి తేలిక, మెట్ల గొడవ లేదు, ప్రయాణాలకి హాయి. మా అబ్బాయి అదే కొనుక్కోమన్నాడు. అమెరికాలో మనవల దగ్గరికి వెళ్లి ఆర్నెల్లుండేవాళ్లకి అదే నయం. నాలాంటివాడికి మాత్రం సేవ చేయించుకునే వస్తువే కావాలి. ఉక్కపోతకి అలిగేది, ధూళి పడితే తుడవాల్సింది, ఊరెళ్తే 'ఎలా ఉందో' అని బెంగ పెట్టేది.

వీణ విద్వాంసులు చిట్టిబాబు గారు వీణ మీద కోకిల కూత పలికించారు. నాది ఇంకా కాకి దగ్గరే ఉంది. పరవాలేదు, నేనేమీ కచేరీ చేయబోవడం లేదు.

కొనేవాళ్లు ఫోటో చూసి కొనకండి. బొబ్బిలి దాకా రైలుంది, అక్కణ్నుంచి గొల్లపల్లి దగ్గరే. కనీసం రెండు మూడు వీణలు ఒళ్లో పెట్టి మీటించుకుని చూడండి. ఆర్డరిస్తే ఆలస్యమవుతుంది, తొందరపెట్టకండి. నా మార్కులు 5కి 4. ఆ తగ్గించిన ఒక్కటీ మైనానికి. సంచీకి ఇచ్చేదైతే సున్నాయే.