ఓటీ స్కూల్ అప్లికేషన్ కోసం రెండున్నరేళ్లు జేబులో మోసిన నోట్‌బుక్

జేబులో పట్టే స్పైరల్ నోట్‌బుక్, 160 పేజీలు, రెండు డాలర్ల లోపే. న్యూజెర్సీలో సైకాలజీ డిగ్రీ రెండో ఏడాదిలో కొన్నాను. ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) మాస్టర్స్‌కి అప్లై చేసేదాకా ఇదే. ("అంటే ఉద్యోగాలు ఇప్పించే కోర్సా అమ్మా?" అని మా బాబాయి ఇప్పటికీ అడుగుతాడు. కాదు బాబాయ్, జబ్బో దెబ్బో తగిలినవాళ్లు స్నానం, తిండి, బట్టలు మళ్లీ ఎవరి పని వాళ్లు చేసుకునేలా చెయ్యడం.)

కొన్నది అబ్జర్వేషన్ గంటల లెక్కకి, అంటే అప్లై చేసేముందు థెరపిస్టు పక్కన ఉండి పని చూసిన గంటలు. నేను అప్లై చేసినవాటిలో ఒక స్కూలు 40 గంటలు చాలంది, ఇంకోటి 100 అడిగింది. మొదట్లో తేదీ, గంటలు మాత్రమే రాసేదాన్ని. అదే నా తెలివితక్కువ పని. తీరా ఫారంలో థెరపిస్టు సంతకం, లైసెన్స్ నంబరు కూడా కావాలన్నారు. ఒకావిడ అప్పటికే ఉద్యోగం మారి వెళ్లిపోయింది. 16 గంటలు గంగలో కలిశాయి. ఇంకోచోట నేను చూసింది థెరపిస్టుని కాదు, అసిస్టెంటుని. ఒక స్కూలు ఆ గంటలు ఒప్పుకోలేదు.

అప్పట్నుంచి ఎడమ పేజీలో లెక్క, కుడి పేజీలో ఆ రోజు చూసిన ఒక్క విషయం. పేషెంటు పేరు మాత్రం ఎక్కడా రాయకూడదు. స్ట్రోక్ వచ్చిన ఒక పెద్దాయన చొక్కా వేసుకుంటున్నాడు. వేసుకునేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. మూడో గుండీకి నాలుగు నిమిషాలు పట్టింది. థెరపిస్టు అంతసేపూ చేతులు జేబుల్లో పెట్టుకునే నిలబడింది. నాకైతే లేచి వెళ్లి పెట్టేద్దామనిపించింది. ఆ పేజీయే అప్లికేషన్‌తో పంపే వ్యాసం, నా పర్సనల్ స్టేట్‌మెంట్ అయింది. ఆ రాత్రి తెనాలిలో ఉన్న అమ్మమ్మకి ఫోన్ చేసి చెప్తే, "రెండేళ్లుగా మంచి చెయ్యే ముందు దూరుస్తున్నానే, అందుకే కాబోలు రవికలన్నీ చంకలో చిరుగుతున్నాయి" అంది.

లోపాలున్నాయి. శానిటైజర్ తడి చేత్తో పట్టుకుంటే జెల్ పెన్ను రాత అలుక్కుపోతుంది. ఏదైనా వెతకాలంటే పేజీలన్నీ తిప్పాలి. కోర్సుల లెక్కకి అసలు పనికిరాదు, దానికి ఎక్సెల్ పెట్టుకోండి. అనాటమీ, ఫిజియాలజీ రెండు భాగాలు, స్టాటిస్టిక్స్, అబ్‌నార్మల్ సైకాలజీ, డెవలప్‌మెంటల్ సైకాలజీ దాదాపు అందరూ అడుగుతారు, అయినా స్కూలు స్కూలుకీ తేడా ఉంటుంది. అనాటమీ మొదటి భాగంలో నాకు సీ గ్రేడు వచ్చింది. మళ్లీ చదివి ఏ మైనస్ తెచ్చుకున్నా. కాలేజీ పాతది తీసేసింది కానీ, ఓటీక్యాస్ (ఓటీ స్కూళ్లకి ఒకేచోట అప్లై చేసే వెబ్‌సైట్) జీపీఏకి రెండూ కలిపే లెక్కగడతారు. అది తెలిసుంటే మొదటిసారే ఒళ్లు వంచి చదివేదాన్ని.

నోట్‌బుక్‌కి అయిదుకి నాలుగు మార్కులు. సీటొచ్చింది. చివర 30 పేజీలు మిగిలాయి, చదువు ఆఖర్లో చెయ్యాల్సిన 24 వారాల ఫీల్డ్‌వర్క్‌కి దాచాను. ఎలాగూ చాలవు. ఈసారి బాల్‌పెన్ను.